కంప్యూటర్‌ని నూనెలో ముంచుదామా?

ఆ వీడియో మీరూ చూసే ఉంటారు. చేపల తొట్టిలాంటి గాజు తొట్టి. అందులో చేపలకు బదులు మదర్‌బోర్డు, గ్రాఫిక్స్ కార్డు. నిండా నూనె. అడుగు నుంచి బుడగలు లేస్తుంటాయి, నీలం లైట్లు వెలుగుతుంటాయి. స్క్రీన్ మీద గేమ్ మాత్రం హాయిగా నడుస్తూనే ఉంటుంది. చూసిన ఎవరికైనా మొదట వచ్చే డౌటు ఒకటే: షార్ట్ సర్క్యూట్ అవ్వదా? ఏప్రిల్, మే నెలల్లో అయితే రెండో డౌటు కూడా వస్తుంది: మన ఇంట్లో సిస్టమ్‌ని కూడా ఇలా చల్లబరుచుకోవచ్చా?

మొదటిదానికి జవాబు, అవ్వదు. రెండోదానికి జవాబు, చల్లబరుచుకోవచ్చు గానీ కేవలం అందుకోసమే అయితే వద్దు. డబ్బు దండగ. అయినా బీటెక్ రెండో ఏడాదిలోనో మూడో ఏడాదిలోనో ఉన్న మీరు ఒక్కసారైనా ఈ పని చెయ్యాలని నేను గట్టిగా అంటాను. ఈ రెండు మాటలూ ఎలా పొసుగుతాయో చెప్తాను, కాస్త ఓపిగ్గా చదవండి.

వీధి చివర ఉన్న జవాబు

మీ వీధి చివర ట్రాన్స్‌ఫార్మర్‌ని ఎప్పుడైనా పట్టి చూశారా? చూడకపోతే ఇవాళ సాయంత్రం చూడండి, దూరం నుంచే. ఆ పెట్టె లోపల తీగ చుట్టలన్నీ నూనెలో మునిగి ఉంటాయి. ఒకవైపు నుంచి 11 వేల వోల్టులు వస్తాయి, మరోవైపు నుంచి మన ఇళ్లకు సరిపడా తగ్గి వెళ్తాయి. అంత వోల్టేజీనే కదలనివ్వని నూనెకు మీ మదర్‌బోర్డులోని 12 వోల్టులు ఒక లెక్కా? ట్రాన్స్‌ఫార్మర్ ఆయిల్ అంటే పెట్రోలియం నుంచి తీసి బాగా శుద్ధి చేసిన మినరల్ ఆయిల్. రెండున్నర మిల్లీమీటర్ల సందులో 30 కిలోవోల్టులకు తట్టుకుని నిలబడుతుందా లేదా అన్నది దానికి పెట్టే పరీక్షల్లో ఒకటి.

మరి నీళ్లతో ఎందుకు కుదరదు? పూర్తిగా శుద్ధమైన నీరు కూడా కరెంటును దాదాపు పోనివ్వదు. కానీ అది శుద్ధంగా ఎంతసేపు ఉంటుంది? బోర్డు మీది దుమ్ము, లోహం, గాలిలోని కార్బన్ డయాక్సైడ్ కాస్త కలిస్తే చాలు, కరెంటుకు దారి దొరికినట్టే. నూనెతో ఆ బాధ లేదు.

ఇక చల్లబరిచే సంగతి. ఒక లీటరు నూనె ఒక డిగ్రీ వేడెక్కడానికి పట్టే వేడి, ఒక లీటరు గాలికి పట్టేదానికంటే వెయ్యి రెట్లకు పైనే. వేడిని తన గుండా పోనివ్వడంలో కూడా గాలికంటే దాదాపు ఐదు రెట్లు మెరుగు. ఈ రెండు విషయాల్లోనూ నీళ్లే నూనెకంటే ముందుంటాయి. కానీ ముందు చెప్పుకున్నట్టు, నీళ్లను బోర్డు మీద పొయ్యలేం కదా.

ఈ ఆలోచన కొత్తదేం కాదు. 1985లో వచ్చిన క్రే-2 సూపర్ కంప్యూటర్‌లో సర్క్యూట్ బోర్డులను 3ఎం కంపెనీ వాళ్ల ఫ్లోరినర్ట్ అనే ద్రవంలో ముంచే నడిపారు. 2006లో టామ్స్ హార్డ్‌వేర్ వాళ్లు ఒక పీసీ మీద ఏకంగా వంటనూనె పోసి చూపించారు. 2007లో అమెరికాలోని ప్యూజెట్ సిస్టమ్స్ మినరల్ ఆయిల్‌తో ఆక్వేరియం పీసీ చేసింది. మీరు చూసే వీడియోల్లో చాలావాటికి అదే పెద్దన్న.

నా తొట్టి కథ

మా ఊరు తెనాలి. బీటెక్ అయ్యి, ఉద్యోగం లేక ఇంట్లో కూర్చున్న ఏడాది నేనూ ఒక తొట్టి కట్టాను. చేతిలో పాత ఐ3 సిస్టమ్ ఉంది, సెకండ్ హ్యాండ్‌లో కొన్న గ్రాఫిక్స్ కార్డు ఉంది. 25 లీటర్ల కొత్త ట్రాన్స్‌ఫార్మర్ ఆయిల్ తెచ్చాను. మా అమ్మ చూసి, "వండే నూనెకే ధరలు మండుతుంటే ఇదేం సోకురా?" అంది. సమాధానం చెప్పకుండా స్విచ్ వేశాను.

ఫుల్ లోడ్ పెట్టాను. అరగంటయింది, నూనె పెద్దగా వేడెక్కలేదు. ప్రాసెసర్ టెంపరేచర్ చూస్తే నా సిస్టమ్‌లో అంతకు ముందెప్పుడూ చూడనంత తక్కువ. ఇంకేముంది, వీడియో తీసి స్నేహితులందరికీ పంపేశాను. "ఫ్యాన్లు దండగ, నూనె అదుర్స్" అని కింద రాశాను కూడా.

గంట తర్వాత 36 దగ్గర మొదలైన నూనె 52కి చేరింది. మూడు గంటలకు 71. తొట్టి పక్కన చెయ్యి పెట్టలేకపోయాను. ప్రాసెసర్ తనంతట తానే స్పీడ్ తగ్గించుకుంది. ఆపేశాను.

సాయంత్రం మా వీధి లైన్‌మన్ బాబాయ్ అటుగా వచ్చాడు. మా నాన్నకు స్నేహితుడు, నన్ను చిన్నప్పటి నుంచీ ఎరుగును. తొట్టి చుట్టూ ఒకసారి తిరిగి చూసి, "రెక్కలేవిరా దీనికి?" అన్నాడు.

"రెక్కలేంటి బాబాయ్?"

"ట్రాన్స్‌ఫార్మర్‌కి పక్కన రెక్కలు, గొట్టాలు ఉంటాయి చూళ్లేదా? వేడి నూనె పైకెక్కి, వాటిలోంచి చల్లబడి కిందికి దిగుద్ది. అవి లేకుండా ఉత్త డబ్బాలో నూనె పోస్తే ఎక్కడికి పోద్ది వేడి?"

నాలుగేళ్లు థర్మోడైనమిక్స్, హీట్ ట్రాన్స్‌ఫర్ చదివి పాసయిన మెకానికల్ ఇంజినీర్‌ని నేను. ఆ ప్రశ్న నాకు నేనే వేసుకోవాల్సింది.

ఆ రాత్రి కాగితం తీసి లెక్క వేశాను. మీరూ వెయ్యండి, పదో తరగతి లెక్కే. 25 లీటర్ల నూనె బరువు సుమారు 21 కిలోలు. కిలో నూనె ఒక డిగ్రీ పెరగడానికి సుమారు 1.9 కిలోజౌళ్లు కావాలి. అంటే మొత్తం తొట్టికి దాదాపు 40 కిలోజౌళ్లు. నా సిస్టమ్ ఫుల్ లోడ్‌లో లాగేది 200 వాట్లు, అంటే సెకనుకు 200 జౌళ్లు. 40 వేలను 200తో భాగిస్తే 200 సెకన్లు. వేడి బయటికి పోయే దారే లేకపోతే ప్రతి మూడు నిమిషాల ఇరవై సెకన్లకు ఒక డిగ్రీ పెరగాలి. గంటకు 18 డిగ్రీలు. నాకొచ్చింది 16. ఆ మిగిలిన రెండు డిగ్రీల వేడి తొట్టి గోడల నుంచి, పైభాగం నుంచి గదిలోకి పోయిందన్నమాట.

అంటే మొదటి అరగంటలో నేను చూసి మురిసిపోయింది చల్లదనం కాదు, ఆలస్యం. నూనె వేడిని దాచిపెట్టుకుంటోంది, అంతే. దాన్ని గదిలోకి తోసెయ్యడానికి రేడియేటర్ కావాలి, పంపు కావాలి, రేడియేటర్ మీద మళ్లీ ఫ్యాన్ కావాలి. దండగన్న ఫ్యానే!

తర్వాత ఒక చిన్న పంపు, పాత కారు హీటర్‌లోంచి తీసిన రేడియేటర్, రెండు ఫ్యాన్లు తగిలించాను. అప్పుడు నూనె 48 దగ్గర ఆగింది. ప్రాసెసర్ 66 దగ్గర నిలబడింది. అంతకు ముందు అదే సిస్టమ్‌ని దుమ్ము దులిపి, కొత్త థర్మల్ పేస్టు రాసి, మామూలు కూలర్‌తో అదే లోడ్‌లో నడిపినప్పుడు 74 ఉండేది. అంటే తేడా 8 డిగ్రీలు. దానికైన ఖర్చు 9 వేలు దాటింది. కూలర్ మార్చుకుని ఉంటే 2 వేలలో దాదాపు ఇదే ఫలితం వచ్చేది. మొదట్లో డబ్బు దండగ అన్నది ఇందుకే.

దిగే ముందు ఇవి తెలుసుకోండి

ఇంత చెప్పినా కొందరు దిగుతారని నాకు తెలుసు. దిగండి. కానీ కొన్ని జాగ్రత్తలు తప్పనిసరి.

వంటనూనె వద్దు. గాలి తగిలి, వేడి తగిలి కొన్నాళ్లకే కమురు కంపు కొడుతుంది, చిక్కబడి జిగురులా అవుతుంది. కొబ్బరి నూనె సంగతి చలికాలం పొద్దున్నే మీకు తెలిసిందే, గడ్డ కడుతుంది. కిరోసిన్, డీజిల్ జోలికి అసలు పోవద్దు, అవి తేలిగ్గా అంటుకుంటాయి.

స్క్రాప్ షాపులో దొరికే వాడేసిన ట్రాన్స్‌ఫార్మర్ ఆయిల్ చవకని తెచ్చుకోవద్దు. పాత ట్రాన్స్‌ఫార్మర్లలో పీసీబీలనే విష రసాయనాలు వాడిన కాలం ఒకటుంది. ఏ డబ్బాలో ఏముందో మీకు చెప్పేవాళ్లుండరు. పైగా దొంగతనంగా తీసిన నూనె అయితే ఆ తలనొప్పి వేరు. కొత్తది, సీలు వేసింది, బిల్లుతో కొనండి.

పవర్ సప్లై యూనిట్‌ని తొట్టి బయటే ఉంచండి. లోపల 230 వోల్టులతో ఆటలు వద్దు. కొన్ని వీడియోల్లో దాన్నీ ముంచుతారు, మీరు ముంచకండి.

పాత తరహా హార్డ్ డిస్క్‌ని ముంచితే పాడవుతుంది. గాలి కోసం దానికి చిన్న రంధ్రం ఉంటుంది, నూనె అందులోంచి లోపలికి పోతుంది. ఎస్‌ఎస్‌డీలో కదిలే భాగాలు లేవు కాబట్టి దానికి పర్వాలేదు.

కేబుళ్ల వెంట నూనె పైకి పాకుతుంది. దీపం వత్తి నూనెను పైకి లాగినట్టే. మా ఇంట్లో మానిటర్ కేబుల్ వెంట పాకి, టేబుల్ మీదుగా కిందికి కారి ఎక్స్‌టెన్షన్ బోర్డు పక్కన మడుగు కట్టింది. చూసుకున్నాను కాబట్టి సరిపోయింది. కేబుళ్లను తొట్టి అంచు దగ్గర కిందికి వంపు తిప్పి, ఆ వంపు కింద ట్రే పెట్టండి. ప్లగ్గులన్నీ తొట్టికంటే ఎత్తులో, దూరంగా ఉండాలి.

పీవీసీ కేబుళ్ల మెత్తదనాన్ని నూనె మెల్లగా లాగేస్తుంది. నాలుగు నెలలకు నా కేబుల్ ఒకటి ఎండుపుల్లలా విరిగింది. రబ్బరు ఉబ్బుతుంది. గాజు తొట్టి అతుకుల్లోని సిలికాన్‌కి కూడా నూనెతో పొత్తు కుదరదు. కాబట్టి కారదులే అనుకోకుండా, కారితే ఏం చెయ్యాలో ముందే ఆలోచించుకోండి.

మంచి ట్రాన్స్‌ఫార్మర్ ఆయిల్ ఆవిరి అంటుకోవాలంటే 135 డిగ్రీలకు పైగా వేడెక్కాలి. అంతమాత్రాన అది అంటుకోని పదార్థమని కాదు. రాత్రంతా నడుస్తుందిలే అని వదిలేసి పడుకోవద్దు. నూనె మంట మీద నీళ్లు పొయ్యకూడదని ఇంట్లో అందరికీ చెప్పండి. పని అయిపోయాక ఆ నూనెను డ్రైనేజీలో పారబొయ్యకండి. వాడిన ఇంజిన్ ఆయిల్ తీసుకునేవాళ్లకు ఇవ్వండి.

ఒకటి ఖాయం: ముంచిన భాగాలకు వారంటీ ఉండదు, మళ్లీ అమ్ముడూ పోవు. కాబట్టి అమ్మానాన్నలు అప్పు చేసి కొనిచ్చిన ల్యాప్‌టాప్‌నో, కొత్త గేమింగ్ పీసీనో దయచేసి ముంచకండి. తుక్కుకు పోయే పాత సిస్టమ్ వెతుక్కోండి.

మరి ఎందుకు చెయ్యాలి?

నా ఫైనలియర్ ప్రాజెక్టు సంగతి చెప్తాను. నలుగురం తలా మూడు వేలు వేసుకుని రెడీమేడ్‌గా కొన్నాం. డబ్బా, రిపోర్టు, పీపీటీ అన్నీ వాళ్లే ఇచ్చారు. వైవాలో గట్టెక్కాం. తర్వాత ఒక ఇంటర్వ్యూలో ప్యానల్లో ఉన్నాయన నా రెజ్యూమె చూసి, "ఈ టెంపరేచర్ సెన్సర్‌ని ఇక్కడే ఎందుకు పెట్టారు?" అని అడిగారు. అంత చిన్న ప్రశ్న. నా దగ్గర మాట లేదు. ఆయన ఏమీ అనలేదు, రెజ్యూమె మూసి పక్కన పెట్టారు. బస్సులో ఇంటికొచ్చేదాకా ఆ చప్పుడు చెవిలో ఉంది.

తొట్టి తర్వాత మరో ఇంటర్వ్యూకి వెళ్లినప్పుడు నా నోట్‌బుక్ తీసుకెళ్లాను. ఐదేసి నిమిషాలకు రాసుకున్న రీడింగులు, ఫెయిలైన మొదటి గ్రాఫుతో సహా. ఆ గ్రాఫు మీదే ప్రశ్నల మీద ప్రశ్నలు వేశారు. "నూనె పైన ఎంత వేడి, అడుగున ఎంత?" అన్నారు. "అది కొలవలేదు సార్. ఇంకో థర్మామీటర్ పెట్టుంటే తెలిసేది" అన్నాను. ఆ ఉద్యోగం రాలేదు. కానీ తెలియనిదాన్ని తెలియదని చెప్పి, ఎలా తెలుసుకోవచ్చో చెప్పగలగడం నాకు అదే మొదటిసారి. తర్వాత వచ్చిన ఉద్యోగానికి ఆ ధైర్యమే పనికొచ్చింది.

ఇదంతా సొంత గొడవ అనుకోకండి. కంప్యూటర్ వేడి ఇప్పుడు ఇంటి సమస్య స్థాయి దాటిపోయింది. ఏఐ కోసం వాడే ఎన్‌విడియా జీబీ200 ఎన్‌వీఎల్72 ర్యాక్ ఒక్కటే సుమారు 120 కిలోవాట్లు లాగుతుంది. అది ఉండేది బీరువా సైజులో. మన ఇంట్లో ఒకటిన్నర టన్ను ఏసీ తీసేయగలిగే వేడి ఐదు కిలోవాట్ల పైచిలుకు. అంటే ఆ ఒక్క బీరువాకు ఇరవైకి పైగా ఏసీలు కావాలి. గాలితో అయ్యే పని కాదు కాబట్టే చిప్ మీద లోహపు పలక పెట్టి, అందులో ద్రవాన్ని పారిస్తున్నారు. మైక్రోసాఫ్ట్ 2021లో వాషింగ్టన్ రాష్ట్రం క్విన్సీలోని డేటా సెంటర్‌లో సర్వర్లను మరిగే ద్రవంలో ముంచి నడిపినట్టు ప్రకటించింది. అలాంటి ద్రవాల్లో చాలావాటికి మూలమైన పీఎఫ్ఏఎస్ రసాయనాల తయారీని 2025 చివరికల్లా ఆపేస్తామని 3ఎం 2022 డిసెంబరులో చెప్పింది. ఆ రసాయనాలు ప్రకృతిలో త్వరగా కరిగిపోవు. కాబట్టి ముంచాలా, పలకలో పారించాలా, ముంచితే ఏ ద్రవంలో అన్న ప్రశ్నలు ఇంకా తెరిచే ఉన్నాయి.

ఈ గొడవ మన గుమ్మంలోకీ వచ్చేసింది. 2022లో మైక్రోసాఫ్ట్ హైదరాబాద్‌లో డేటా సెంటర్ రీజియన్ ప్రకటించింది, అదే ఏడాది నవంబరులో అమెజాన్ తన హైదరాబాద్ రీజియన్ మొదలుపెట్టింది. 2025 అక్టోబరులో గూగుల్ విశాఖపట్నంలో ఐదేళ్లలో 15 బిలియన్ డాలర్ల పెట్టుబడితో ఏఐ హబ్ అని ప్రకటించింది. వీటిలో వేలకు వేలు ఉద్యోగాలొస్తాయని నేను చెప్పను. డేటా సెంటర్ ఒకసారి కట్టేశాక సాఫ్ట్‌వేర్ ఆఫీసులా వందల సీట్లు ఉండవు. కానీ ఉండే పని ఎవరిది? పంపులు, హీట్ ఎక్స్ఛేంజర్లు మెకానికల్ వాళ్లవి. పవర్, ట్రాన్స్‌ఫార్మర్లు, బ్యాటరీలు ట్రిపుల్ఈ వాళ్లవి. ద్రవాలు, వాటి వయసు కెమికల్ వాళ్లవి. సెన్సర్లు ఇన్‌స్ట్రుమెంటేషన్ వాళ్లవి. "సీఎస్ఈ రాకపోతే బతుకు లేదు" అని కౌన్సెలింగ్ రోజుల్లో మన ఇళ్లలో వినిపించే మాటకు ఆ కంప్యూటర్ గదే జవాబు. కోడ్ నడవాలంటే ముందు ఆ బీరువా చల్లగా ఉండాలి.

కాలేజీలకు ఒక మాట

లెక్చరర్లు, హెచ్ఓడీలు ఈ పేజీ చదువుతారని తెలుసు కాబట్టి ఒక మాట. ప్రాజెక్టులు బయట కొంటున్నారని మీకు తెలుసు, కొంటున్నట్టు మీకు తెలుసని మాకూ తెలుసు. తప్పు పిల్లలది మాత్రమే అనుకోకండి. పని చెయ్యని మోడల్‌కి మార్కులు రావనే భయమే వాళ్లను ఆ షాపులకు పంపుతోంది. ఫెయిలైన ప్రయోగాన్ని సరిగ్గా కొలిచి, ఎందుకు ఫెయిలైందో లెక్కతో చూపించిన విద్యార్థికి మంచి మార్కులు వెయ్యండి. నా తొట్టిని ఫైనలియర్‌లో చూపించి ఉంటే, ఆ 71 డిగ్రీల గ్రాఫుకి ఎన్ని మార్కులు పడేవి? ఈ ప్రశ్న మీ డిపార్ట్‌మెంట్ మీటింగులో ఒకసారి వేసుకోండి.

ఇక మీకు. నూనె కొనడానికి రేపే పరిగెత్తకండి. ముందు మీ దగ్గరున్న సిస్టమ్‌ని గాలిలోనే కొలవండి. దుమ్ము దులపక ముందు ఎంత, దులిపాక ఎంత? మూత తీస్తే ఎంత, పెడితే ఎంత? పొద్దున ఎంత, మధ్యాహ్నం రెండింటికి ఎంత? ఐదేసి నిమిషాలకు ఒక రీడింగ్ చొప్పున వారం రోజులు నోట్‌బుక్‌లో రాయండి. దానికి పైసా ఖర్చు లేదు. వారం తర్వాత ఆ అంకెలు చూసి మీలో ఇంకో ప్రశ్న పుడితే, అప్పుడు పాత సిస్టమ్ వెతకండి, తొట్టి కట్టండి, తోడుగా కరెంటు పని తెలిసిన పెద్దవాళ్లను పక్కన ఉంచుకోండి. రెక్కలు మాత్రం మర్చిపోకండి.